వకీలమ్మ జవాబులు: సివిల్ ప్రొసీజర్ ఎక్కడ నేర్చుకోవాలి?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా వకీళ్ల దగ్గర నుంచే వచ్చాయి. ఎప్పుడూ కక్షిదారులే రాసే ఈ శీర్షికకు నల్లకోటు వాళ్లు రాయడం నాకు సంతోషంగా ఉంది. హన్మకొండ కోర్టుల్లో 1993 నుంచి సివిల్ వైపే ప్రాక్టీస్ చేస్తున్నాను. నాకు తెలిసినంతలో, నేను చేతులు కాల్చుకున్నంతలో జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, సుబేదారిలోని యూనివర్సిటీ లా కాలేజీలో చదివాను. ఏఐబీఈ (కొత్త వకీళ్ల అర్హత పరీక్ష) పాసై రెండేళ్లుగా పరకాలలో ప్రాక్టీస్ చేస్తున్నాను. మా సీనియర్ దగ్గర క్రిమినల్ కేసులే ఎక్కువ. నేను సొంతంగా వేసిన దావాలు ప్రతిసారీ చెక్ స్లిప్‌తో (ఆఫీసు అభ్యంతరాల చీటీతో) రిటర్న్ అవుతున్నాయి. పరీక్ష కోసం సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) మొత్తం చదివాను. అయినా ఎందుకిలా? ఎక్కడ నేర్చుకోవాలి?
(జూనియర్ న్యాయవాది, పరకాల)

తమ్ముడూ, మొదట ఆ చెక్ స్లిప్పులు పారేయకు. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఎడమ పేజీలో ఆఫీసు వేసిన అభ్యంతరం రాయి. కుడి పేజీలో అది ఏ రూల్ కింద వేశారో వెతికి రాయి. అభ్యంతరం తప్పనిపిస్తే అదీ రాయి. ఆరు నెలల్లో నీ చేతిలో ఉండే ఆ పుస్తకం ఏ గైడులోనూ దొరకదు.

నువ్వు చదివింది 1908 నాటి సీపీసీ. 158 సెక్షన్లు, మొదటి షెడ్యూల్లో 51 ఆర్డర్లు, అంటే రూల్స్ ఉన్న అధ్యాయాలు. కానీ కోర్టు ఆఫీసులో నీ ప్లెయింట్ (దావా పత్రం) చూసే ఉద్యోగి చేతిలో ఇంకో పుస్తకం ఉంటుంది. అది సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్, 1980. ఉమ్మడి రాష్ట్రంలో హైకోర్టు చేసిన రూల్స్ అవి. 2014 తర్వాత తెలంగాణలోనూ కొనసాగుతున్నాయి. కాగితం ఎలా ఉండాలి, పిటిషన్ ఎలా వేయాలి, ఏజెంటు ద్వారా కక్షిదారు హాజరు కావాలంటే ఏం కావాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. నేను చదువుకున్న రోజుల్లో కాలేజీలో ఆ పుస్తకం పేరు కూడా ఎవరూ చెప్పలేదు. ఇలాంటి రూల్స్ చేసే అధికారం హైకోర్టుకు సీపీసీ సెక్షన్ 122 ఇచ్చింది. అయితే అవి కోడ్‌లోని సెక్షన్లకు విరుద్ధంగా ఉండకూడదు. ఈ రెండు ముక్కలూ గుర్తుంటే ఏ రూల్ ఎక్కడ నిలబడుతుందో నీకే అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఎక్స్‌పార్టీ డిక్రీ (అవతలివాళ్లు రాకుండానే వచ్చిన తీర్పు) రద్దు చేయమని ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేయాలి. గడువు 30 రోజులు. నీ కక్షిదారు నలభై ఐదో రోజున వచ్చాడు. ఆలస్యం మాఫీ చేయాలని, డిక్రీ రద్దు చేయాలని రెండు కోరికలూ ఒకే పిటిషన్‌లో రాసి వేశావనుకో, రిటర్న్ వస్తుంది. ఒక్కో కోరికకు ఒక్కో దరఖాస్తు ఉండాలని రూల్ 55 చెబుతుంది. ఇందులో తెలివితేటల ప్రసక్తి లేదు. ఆ రూల్ ఒక్కసారి కంటపడిందా లేదా, అంతే.

ఇక చదివే పద్ధతి. సీపీసీని మొదటి పేజీ నుంచి నవలలా చదివితే నిలవదు. తీర్పు వచ్చేసిన ఒక పాత దావా కట్ట అడిగి తెచ్చుకో. సీనియర్ దగ్గర లేకపోతే బార్‌లో సివిల్ చేసే పెద్దల్లో ఎవరినైనా అడుగు. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఆ కట్టను టేబుల్ మీద పెట్టి ఒక్కో కాగితం తిప్పు. ఇది ఏ ఆర్డర్ కింద వచ్చింది, ఎన్ని రోజుల్లో రావాలి, ఎన్ని రోజులకు వచ్చింది, ఆలస్యమైతే కోర్టు ఏమంది అని చూసుకుంటూ వెళ్లు. ఒక్క కట్ట పూర్తవడానికి రెండు వారాలు పడుతుంది. పట్టనీ.

నేను ఇలా చదవడం మొదలుపెట్టింది ఒక దెబ్బ తిన్నాకే. 1996లో గీసుగొండ వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. రెండున్నర ఎకరాల చెలక. పక్క పొలం వాళ్లు గట్టు దున్ని లోపలికి వస్తున్నారు. దావా వేసి, అదే రోజు ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ (భూమి జోలికి రావద్దనే ఉత్తర్వు) తెచ్చాను. అది శుక్రవారం. నాకు మొదటి పెద్ద ఆర్డర్. అవ్వ నా చేతులు కళ్లకు అద్దుకుంది. ఆ ఆనందంలోనే శని, ఆదివారాలు గడిచిపోయాయి. సోమవారం పోస్టులో కాగితాలు పంపాను. పంపినట్టు అఫిడవిట్ మాత్రం వేయలేదు. వేయాలని నాకు తెలియదు.

ఆర్డర్ 39 రూల్ 3 చదువు. అవతలివాళ్లకు నోటీసు ఇవ్వకుండా ఇంజంక్షన్ ఇస్తే కోర్టు కారణాలు రాయాలి. తెచ్చుకున్నవాళ్లు వెంటనే పిటిషన్, అఫిడవిట్, ప్లెయింట్, ఆధారపడిన కాగితాల నకళ్లు అవతలివాళ్లకు అందజేయాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పంపామని అదే రోజు గానీ మర్నాడు గానీ అఫిడవిట్ వేయాలి. అవతలి పక్షం వకీలు గారు వాదన అంటూ పెద్దగా ఏమీ చేయలేదు. ఆ రూల్ ఒక్కటి తెరిచి చదివారు. జడ్జి గారు ఇంజంక్షన్ ఆర్డర్ ఎత్తేశారు. ఆ వానాకాలం అవ్వ చెలకలో గట్టు లోపలి దాకా వాళ్ల మక్క లేచింది. దావా చివరికి గెలిచాం గానీ దానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆర్డర్ పోయిన రోజు మెట్ల మీద కూర్చుని అవ్వ అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "బిడ్డా, కాయితం పంపుడు మర్చిపోతే భూమి వోతదా?"

తమ్ముడూ, ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నీ కక్షిదారు నిన్ను అలా అడిగే రోజు రాకూడదనే ఇంత రాశాను.

ప్రశ్న: నేను 22 ఏళ్లుగా నర్సంపేటలో ప్రాక్టీస్ చేస్తున్నాను. ఈ మధ్య ప్రతివాళ్లూ వకీళ్లకు శిక్షణ తరగతులు అంటున్నారు. డాక్టర్లకు ఉన్నట్టు మనకూ ఏమైనా తప్పనిసరి రూల్ వచ్చిందా? అనుభవం ఉన్నవాళ్లకు కూడా క్లాసులు అవసరమా?
(న్యాయవాది, నర్సంపేట)

అన్నా, ఏడాదికి ఇన్ని గంటల క్లాసులు వింటేనే ప్రాక్టీస్ కొనసాగుతుందనే నిబంధన మన దగ్గర లేదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఏఐబీఈ ఉంది, అది చెల్లుతుందని 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పింది. అది ఒక్కసారి పాసైతే చాలు, తర్వాత జీవితాంతం ఎవరూ ఏమీ అడగరు. జడ్జిలకు మాత్రం సికింద్రాబాద్‌లో జ్యుడీషియల్ అకాడమీ ఉంది. పైన కూర్చున్నవారు శిక్షణకు వెళ్లి వస్తారు, కింద నిలబడ్డ మనం మనకు గుర్తున్నదే వాదిస్తాం. ఈ తేడా నాకు చాలా కాలంగా బాధ కలిగిస్తోంది.

అనుభవం విలువ నాకు తెలుసు. సాక్షి ముఖం చూసి ఏ ప్రశ్న ఆపాలో ఏ క్లాసూ చెప్పదు. కానీ మీరు ఎన్‌రోల్ అయిన నాటి నుంచి ఏమేం మారాయో ఒక్కసారి చూడండి.

మీరు వచ్చేసరికి 2002 జూలై 1 సవరణలు అమల్లోకి వచ్చి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. జవాబు దావాకు 30 రోజులు, కోర్టు కారణాలు రాసి పొడిగిస్తే 90. ఆ 90 కూడా కట్టుదిట్టం కాదని, తగిన కారణం ఉంటే కోర్టు తర్వాతైనా తీసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. మనందరికీ అదే అలవాటైంది. ఆ అలవాటుతోనే 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం కింద నడిచే దావాలోకి వెళ్తే మునిగిపోతాం. అక్కడ సమన్లు అందిన 120 రోజులు దాటితే జవాబు దావా వేసే హక్కే పోతుంది. పొడిగింపు లేదు.

కమర్షియల్ అంటే హైదరాబాద్ కంపెనీల గొడవలే అనుకోవద్దు. 2018 సవరణ తర్వాత విలువ 3 లక్షలు ఉంటే చాలు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొన్న వ్యాపారి మిల్లు వాళ్ల మీద బాకీ దావా వేస్తే అది కమర్షియల్ వివాదం కావచ్చు. తక్షణ ఉత్తర్వు ఏదీ అక్కర్లేని దావా అయితే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలని సెక్షన్ 12ఏ చెబుతుంది. వెళ్లకుండా వేసిన దావా తిరస్కరించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. బాకీ నిజమే, కాగితాలన్నీ ఉన్నాయి, అయినా దావా మొదటి మెట్టు మీదే పడిపోతుంది.

ఇంకొకటి. 2024 జూలై 1న వచ్చిన మూడు చట్టాలు క్రిమినల్ వాళ్లకే అని మన సివిల్ వాళ్లలో చాలామంది వదిలేశారు. అందులో భారతీయ సాక్ష్య అధినియమ్ ఒకటి. పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చింది కాబట్టి సివిల్ కోర్టుకూ అదే సాక్ష్య చట్టం. వాట్సాప్ మెసేజ్ ప్రింట్ మార్క్ చేయించాలంటే (సాక్ష్యంగా నమోదు చేయించాలంటే) ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జత చేసే పాత 65బీ సర్టిఫికెట్ నమూనా పనికిరాదు. ఇప్పుడు సెక్షన్ 63. షెడ్యూల్లో ఇచ్చిన నమూనాలో రెండు భాగాలుంటాయి. మొదటిది పార్టీ నింపాలి, రెండోది ఎక్స్‌పర్ట్ నింపాలి. హ్యాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) రాయాలి. ఈ మధ్యే మా ఆఫీసుకు ఒక అప్పు కేసు వచ్చింది. ఫోన్‌లో "పైసలు సంక్రాంతికి ఇస్త" అని స్పష్టంగా ఒప్పుకున్న మెసేజ్ ఉంది. అంతకుముందు చూసిన వకీలు పాత నమూనా జత చేశారు. సరిచేసుకోవడానికి మూడు పేషీలు పోయాయి.

ఎగ్జిక్యూషన్ సంగతి కూడా చూడండి. ఈపీలు (డిక్రీ అమలు చేయమనే పిటిషన్లు) దాఖలైన ఆరు నెలల్లో తేల్చాలని, అమలు రూల్స్‌ను హైకోర్టులు ఏడాదిలోగా సరిచూసుకోవాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. డిక్రీహోల్డర్ (డిక్రీ పొందినవారు) తరఫున మీరుంటే ఆ తీర్పు ఫైల్లో పెట్టుకోవాలి. జడ్జిమెంట్ డెటార్ (డిక్రీ ఎవరి మీద వచ్చిందో వారు) తరఫున ఉంటే ఇంకా జాగ్రత్త. ఆలస్యం మాఫీ చేసే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5, ఆర్డర్ 21 కింద వేసే దరఖాస్తులకు వర్తించదు. వేలం రద్దు చేయమని అడగడానికి 60 రోజులు. అరవై ఒకటో రోజున వచ్చిన రైతుకు మనం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

క్లాసు అనే మాట ఇబ్బందిగా ఉంటే ఆ మాట వదిలేయండి. మీరే వారానికి ఒకరోజు మీ జూనియర్లకు ఒక రూల్ చెప్పండి. చెప్పడానికి చదవాల్సి వస్తుంది. నేను ఎక్కువ నేర్చుకున్నది అలాగే.

ప్రశ్న: మా బాపు వేసిన భూమి దావా ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. పోయిన ఏడాది బాపు చనిపోయాడు. దాదాపు పది నెలలైంది. దుఃఖంలో ఉండి వకీలు గారికి చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఇప్పుడు కేసు "అబేట్" అయిందంటున్నారు. మా భూమి పోయినట్టేనా?
(ఒక పాఠకురాలు, ములుగు జిల్లా)

చెల్లెమ్మా, పోయినట్టు కాదు. ధైర్యంగా ఉండు, కానీ ఈ వారమే కదులు.

దావా వేసినవారు చనిపోతే 90 రోజుల్లోగా వారసులను రికార్డు మీదికి తేవాలి. తేకపోతే ఆ దావా దానంతటదే ఆగిపోతుంది. దాన్నే అబేట్ కావడం అంటారు. ఆ తర్వాత 60 రోజుల్లోగా అబేట్‌మెంట్ రద్దు చేయమని అడగవచ్చు. మీకు అదీ దాటింది కాబట్టి మూడు పిటిషన్లు కావాలి: ఆలస్యం మాఫీకి ఒకటి, అబేట్‌మెంట్ రద్దుకు ఒకటి, వారసులను చేర్చడానికి ఒకటి. ఈ ఆలస్యానికి లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 వర్తిస్తుంది. బాపు పోయిన దుఃఖం, కేసు సంగతి తెలిసిన మనిషి ఇంట్లో ఇంకెవరూ లేకపోవడం, ఇవి నిజమైన కారణాలే. తేదీలతో సహా ఉన్నది ఉన్నట్టు అఫిడవిట్‌లో చెప్పండి. ఇలాంటి చోట కోర్టులు సాధారణంగా కఠినంగా ఉండవు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మీ అందరి ఆధార్ కాపీలు తీసుకుని వకీలు గారి దగ్గరికి వెళ్లండి. అమ్మనూ, అన్నదమ్ములనూ, అక్కచెల్లెళ్లనూ ఎవరినీ వదలకుండా పేర్లు రాయించండి. ఒకవేళ మీరంతా మొదటి నుంచే బాపుతో పాటు వాదులుగా ఉంటే దావా ఆగదు, ఒక మెమో చాలు. ముందు ప్లెయింట్ మొదటి పేజీ చూపించుకోండి.

మీ వకీలు గారిని తప్పుపట్టడానికి రాయడం లేదు. కానీ ఈ మాట వకీళ్ల కోసం రాయాలి. తన కక్షిదారు చనిపోయినట్టు తెలిసిన వెంటనే కోర్టుకు చెప్పాల్సిన బాధ్యత వకీలుదేనని ఆర్డర్ 22 రూల్ 10ఏ అంటుంది. తెలియాలంటే అడుగుతుండాలి కదా. మా ఆఫీసులో అరవై దాటిన ప్రతి కక్షిదారు ఫైలు అట్ట మీద ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబర్ రాసి ఉంటుంది. రెండు నెలలకోసారి జూనియర్ ఫోన్ చేసి బాగోగులు అడుగుతుంది.

ప్రశ్న: మా బార్‌లో యువ న్యాయవాదులం కలిసి సివిల్ ప్రొసీజర్ మీద క్లాసులు పెట్టాలనుకుంటున్నాం. హైదరాబాద్ నుంచి పెద్దలను పిలిచి ఒక రోజు సదస్సు చేస్తే బాగుంటుందా? మీ సలహా?
(న్యాయవాది, జగిత్యాల)

సదస్సు చేయండి, పెద్దలు వస్తే మంచిదే. కానీ వేదిక, శాలువాలు, ఫొటోలు, భోజనం పోను చదువుకు మిగిలేది గంటన్నర. దాని మీదే ఆశ పెట్టుకోకండి. వారానికి ఒక సాయంత్రం, కోర్టు అయ్యాక ఒక గంట, పది మంది, ఒక రూల్, ఒక ఫైలు. నా ఆఫీసులో 2017 నుంచి గురువారాలు ఇలాగే కూర్చుంటున్నాం. ఆరున్నరకు ఆపేస్తాం, ఎందుకంటే ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలకు బస్సులు దొరకాలి. టైము ఇలా పెట్టాకే వాళ్లు రావడం మొదలైంది. మొదట్లో ఎనిమిదింటిదాకా నడిపినప్పుడు మగపిల్లలే మిగిలేవారు. ఆ తప్పు నాదే.

ఎవరు చెప్పాలి? రిటైరైన కోర్టు సూపరింటెండెంట్‌ను పిలవండి. ముప్పై ఏళ్లు ప్లెయింట్లు రిటర్న్ చేసిన మనిషికి తెలిసినంత మనకెవరికీ తెలియదు. రిటైరైన అమీన్‌ను (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగిని) పిలవండి. స్వాధీనం వారంట్ పట్టుకుని ఊరికి వెళ్తే తలుపు తాళం వేసి ఉంటే ఏం చేయాలి, సర్వే నంబరు సరిపోక హద్దు తేలకపోతే రిపోర్టు ఎలా రాస్తారు, అవన్నీ ఆయన చెబితే ప్లెయింట్ షెడ్యూల్లో హద్దులు ఎంత శ్రద్ధగా రాయాలో పిల్లలకు తెలుస్తుంది. మాకు అలా చెప్పిన పెద్దాయన పేషీ, నాజర్, వకాలత్ అంటూ ఉర్దూ మాటల్లోనే చెప్పారు. రూల్ ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో మాట్లాడుకుంటే సిగ్గుపడకుండా ప్రశ్నలు వస్తాయి. దయచేసి చర్చ తెలుగులోనే పెట్టండి.

మన ప్రాంతానికి ఒక సాయంత్రం తప్పకుండా సాదా బైనామా మీద పెట్టండి. తెల్లకాగితం మీద రాసుకుని, పైసలిచ్చి, భూమిలోకి దిగి ముప్పై నలభై ఏళ్లుగా దున్నుకుంటున్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో. ఆ కాగితం కోర్టులో మార్క్ చేసే ఐదు నిమిషాల్లోనే సగం కేసు తేలిపోతుంది. మేం ఇలా చేశాం: ఒక అమ్మాయి సాక్షి చేత కాగితం మార్క్ చేయించాలి, ఒక అబ్బాయి అభ్యంతరం చెప్పాలి, ఇంకొకరు జడ్జి. మొదటిసారి ఆ అబ్బాయి అభ్యంతరం చెప్పలేదు. తర్వాత ఆర్గ్యుమెంట్స్‌లో చెబుతానన్నాడు. అప్పుడు స్టాంప్ యాక్ట్ సెక్షన్ 36 తెరిచాం. స్టాంప్ డ్యూటీ చాలని కాగితం ఒకసారి సాక్ష్యంలోకి వచ్చేస్తే అదే దావాలో డ్యూటీ కారణంగా దాన్ని మళ్లీ ప్రశ్నించలేం. మిగతా అభ్యంతరాలు రాసిపెట్టుకుని చివర్లో తేల్చవచ్చు గానీ స్టాంప్ అభ్యంతరం మాత్రం అప్పటికప్పుడే తేల్చాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. ఇటు కాగితం తెచ్చినవాళ్లకు సెక్షన్ 35 ఉంది. తక్కువ పడ్డ డ్యూటీ, దానికి పదింతల పెనాల్టీ కడితే కాగితం లోపలికి వస్తుంది. అయినా రిజిస్టర్ కాని కాగితంతో హక్కు నిరూపణ కాదు. భూమి ఎలా స్వాధీనంలోకి వచ్చిందో చెప్పడం లాంటి అనుబంధ ప్రయోజనానికే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 దారి ఇస్తుంది. మూడు సెక్షన్లు, ఒక్క సాయంత్రం. ఆ రోజు జడ్జిగా కూర్చున్న అమ్మాయి తర్వాతి నెలలోనే నిజం కోర్టులో లేచి నిలబడి ఆ అభ్యంతరం చెప్పింది. నేను వెనక బెంచీలో ఉన్నాను. కళ్లు చెమ్మగిల్లాయి.

ఈ-ఫైలింగ్‌కు కూడా ఒక రోజు ఇవ్వండి. అది చిన్నవాళ్లు చెప్పాలి, నాలాంటి పెద్దవాళ్లు వినాలి.

ప్రశ్న: సీపీసీ ఏ ఎడిషన్ కొనాలి? మా సీనియర్ ఇచ్చిన పాత పుస్తకం ఉంచుకోవచ్చా?
(లా విద్యార్థిని, హన్మకొండ)

కొత్తది కొనుక్కో అమ్మా, అందులో తెలంగాణకు వర్తించే సవరణలు వేరుగా ఇచ్చారో లేదో చూసి కొను. చట్టం పాఠం వరకైతే ప్రభుత్వ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాత పుస్తకాల్లో కనిపించే హైకోర్టు సవరణలన్నీ ఇప్పుడు బతికి లేవు. 1976 సవరణ చట్టం సెక్షన్ 97 వల్ల, 1977 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పాఠానికి సరిపడనివి రద్దయ్యాయి. అది చూసుకోకుండా వాదించి మాట పడ్డవాళ్లను చూశాను.

సీనియర్ ఇచ్చినది మాత్రం ఎవరికీ ఇచ్చేయకు. విచారణ మొదలయ్యాక ప్లీడింగ్స్ (దావా, జవాబు దావా పత్రాలు) సవరించడం కష్టమని ఇప్పుడు చదువుతున్నావే, ఆర్డర్ 6 రూల్ 17 కింది ఆ షరతు 2002 జూలై 1కి ముందు దాఖలైన ప్లీడింగ్స్‌కు వర్తించదు. మా ఆఫీసులో 2001లో వేసిన పంపకాల దావా ఒకటి ఇంకా ఫైనల్ డిక్రీ దగ్గర ఉంది. దాని కోసం నేను వారానికోసారి ఆ పాత పుస్తకమే తెరుస్తాను.